హైమకి జ్వరం రావాలి

నమోదు 1, సోమవారం

పైనున్న డాక్టర్లు రోజూ జరిగింది జరిగినట్టు రాయమన్నారు. సొంత కబుర్లు వద్దన్నారు. సొంత కబుర్లు లేకుండా మా అడుగూరు సంగతి రాయడం నా వల్ల కాదు. చదివితే చదవండి, లేకపోతే పక్కన పడేయండి. నా పేరు మంగతాయారు. ఈ ఊరికి ఉన్న ఒక్కగానొక్క డాక్టర్ని.

ఈ పొద్దున ఊట తొక్కే వంతు మా ఇంటిది. సముద్రం అడుగున ఊరు కట్టుకున్నాక గోడలు చెమర్చక మానవు కదా. ఆ నీరు గోడల వెంట సన్న కాలవల్లోకి దిగుతుంది. దాన్ని కాలితో తొక్కి వడపోత గదికి పంపాలి. ఉన్న మోటార్లు గాలికే చాలవు. నేనూ మా ఆడపడుచు హైమవతీ పక్కపక్కనే నిలబడి తొక్కుతున్నాం. తొక్కేది నేను, పక్కన నిలబడేది హైమ. ఆవిడగారు చెవిలో తీగ పెట్టుకుని ముక్తేశ్వర్రావుతో ముచ్చట్లలో ఉంది.

ఈ ముక్తేశ్వర్రావు సరిగ్గా మా నెత్తిమీద ఉంటాడు. సముద్రం పైన తేలే సరుకుల తెప్ప మీద ఉద్యోగం. మాకు బియ్యం, మిరపకాయలు దింపేది అతనే. "అక్కయ్యగారూ, బస్తా దింపేనండి" అన్న మాటతో మొదలైన పరిచయం నన్ను దాటుకుని హైమ దగ్గర ఆగింది. రెండేళ్ళయింది. పెళ్ళి చేసుకుంటామంటున్నారు. అతను కిందికి రాకూడదు. అతని ఒక్క ఊపిరిలో ఉండే క్రిములు మా ఊరు మూడు తరాలుగా చూడలేదు. ఈమె పైకి వెళ్ళకూడదు, కారణం అదే. ఇద్దరి మధ్యా ఉన్నది కాసిన్ని నీళ్ళే.

మా వాళ్ళందరికీ పుట్టగానే మణికట్టుకి కావలి పట్టీ కడతారు. ఏ క్రిమి లోపలికొచ్చినా ఒంటికి తెలిసేలోపే పట్టీ దాన్ని చంపేస్తుంది. ఇక్కడి శుభ్రమైన గాలిలో ఒక్కో పట్టీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పైన గాలిలో ఒక పూట కూడా ఆగదు. అందుకని పై డాక్టర్లు ఒక ఉపాయం పంపించారు. మా తాతల్ని పైనుంచి తరిమిన మహాజ్వరం క్రిమినే మెత్తబరిచి సీసాల్లో పోశారు. పట్టీ విప్పేసి ఆ మందు పొడిస్తే ఒళ్ళు తనంతట తనే పోరాడడం నేర్చుకోవాలి. పదిమంది ముందుకొచ్చారు. మొదటి పేరు హైమది.

డాక్టరు చదువు చదివి, పదిమందికి జ్వరం రావాలని కోరుకునే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నమోదు 2, మంగళవారం

పొడిచేశాను. పదిమందీ చొక్కా చేతులు పైకి మడిచి బుద్ధిగా కూర్చున్నారు. పట్టీలు విప్పించి డబ్బాలో వేయించాను. మణికట్టు దగ్గర అందరికీ పాలరంగు గీత ఒకటి పడి ఉంది.

హైమ ఒక పట్టాన వదల్లేదు. "ఇప్పుడు లోపల ఏం జరుగుద్ది వదినా?" అంది.

చెప్పాను. రక్తంలోంచి రోజూ కాస్త నీరు బయటికి ఊరి కండలన్నీ తడుపుతుంది. పుస్తకాల్లో దాన్ని శోషరసం అన్నారు. మా వాళ్ళకి ఆ మాట నోరు తిరగదు కాబట్టి నేను ఊటనీరనే అంటాను. ఆ నీరు సన్నని గొట్టాల్లో మళ్ళీ గుండె దగ్గరికి చేరాలి. తొయ్యడానికి దానికంటూ ఒక గుండె లేదు. మనిషి నడిస్తే, చేతులు ఊపితే, గట్టిగా ఊపిరి తీస్తే కదులుతుంది. దారిలో చంకల్లో, గజ్జల్లో, దవడ కింద చిన్న చిన్న బిళ్ళలుంటాయి. నీరు వాటిలోంచి వడకట్టుకుని పోవాలి. బిళ్ళల్లో తెల్లకణాలు కాపు కాసుకుని ఉంటాయి.

"మరి నా చేతిలోకి వెళ్ళిన క్రిమి సంగతి వాటికెలా తెలుస్తది?"

"చేతిలో కాపలా తిరిగే కణం ఒకటి ఆ క్రిమి ముక్కని పట్టుకుని ఊటనీటిలో పడి చంకలో బిళ్ళకి పోతుంది. అక్కడ కనిపించిన ప్రతి కణానికీ ఆ ముక్క చూపిస్తుంది. నీకు నప్పుతుందా, నీకు నప్పుతుందా అని. వేలల్లో లక్షల్లో ఒకదానికి అతికినట్టు సరిపోతుంది. అప్పుడది ఒకటి రెండై, రెండు నాలుగై ఊరంత సంతానం కంటుంది. అంతమంది ఇరుక్కునేసరికి బిళ్ళ కడుతుంది. ఒళ్ళు వెచ్చబడుతుంది."

"పెళ్ళిచూపులే కదా వదినా!" అంది హైమ. "మాకంటే నయం. చూసుకోడానికైనా కుదురుతంది వాటికి."

నవ్వాను. ఈ పిల్లకి పదేళ్ళప్పుడు నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. జడ వేసింది నేనే, లెక్కలు నేర్పింది నేనే. ఇప్పుడు దీనికి పెళ్ళి కావాలంటే చంకలో బిళ్ళ కట్టాలి.

నమోదు 3, ఆ పై సోమవారం

ఊరంతా పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూస్తోంది. నేను వీధిలోకి వెళ్తే చాలు, "ఎవరికైనా వచ్చిందాండీ?" అని తలుపులు తెరుచుకుంటున్నాయి. వడపోత గదిలో పనిచేసే కుర్రాడికి నిన్న ఒళ్ళు కాస్త వెచ్చబడిందట. వాళ్ళమ్మ ఇంటింటికీ వెళ్ళి చెప్పుకొచ్చింది. ఈ రోజు చూస్తే వేడీ లేదు, వాపూ లేదు. తల్లి ముఖం చూడలేకపోయాను.

హైమకీ అంతే. మొన్న సాయంత్రం చంకలో శనగగింజంత తగిలింది. ఇద్దరం ఎగిరి గంతేశాం. తెల్లారేసరికి లేదు. పదిమందిలో ఒక్కరికీ నిలబడలేదు. రక్తం తీసి అద్దప్పలక మీద క్రిములతో కలిపి సూక్ష్మదర్శినిలో చూశాను. ఒళ్ళు పాఠం నేర్చుకుని ఉంటే క్రిములు కుప్పలుగా అతుక్కుపోవాలి. అవి హాయిగా ఈదుతున్నాయి.

మూడు తరాలుగా పనిలేక మా బిళ్ళలు ఎండిపోయాయేమో. రాత్రి భోజనాల దగ్గర ఆ మాట మా ఆయనతో అంటే, "నువ్వు ముందు అన్నం తిను" అన్నాడు. ఆయన వైద్యం ఎప్పుడూ అదే.

నమోదు 4, బుధవారం

ఊరిపెద్ద నూకరాజుగారు పంచాయితీ పెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. మాట్లాడేటప్పుడు చేతికర్రని రెండు చేతులా పట్టుకుంటారు, భయపడేవాళ్ళు పట్టుకున్నట్టు.

"డాక్టరమ్మా, మా తాత ఏడుగురు పిల్లలతో బయల్దేరి ఇద్దరితో ఇక్కడికి దిగేడు. ఆ జొరం పేరెత్తితేనే ఒణుకొచ్చేది ఆయనకి. మన ఒంట్లో పస లేదని తేలిపోయింది కదా. ఇంకెందుకీ చెలగాటం? పైకెళ్ళే తలుపుకి అడ్డుగోడ కట్టేద్దాం. సరుకులు గొట్టంలోంచి దింపుకుందాం."

"ఇంకొక్కసారి చూద్దామండి" అన్నాను.

"ఒక్కసారే. ఒక్క మనిషికే. అది కుదరకపోతే తలుపు మూసేస్తాం."

ఆ మాట ఊరికి ఎలా తగిలిందో నాకు తెలీదు. హైమ మాత్రం లేచి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాను. ఊట కాలవ దగ్గర ఒక్కతే నిలబడి, ఎవరి వంతో ఏమో, కసిగా తొక్కేస్తోంది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడం లేదు.

"ఆ ఒక్కరినీ నేనే వదినా" అంది.

నమోదు 5, శుక్రవారం

నా మీద నాకే నవ్వొస్తోంది, కోపమొస్తోంది, ఏది ముందు రాయాలో తెలీడం లేదు.

మధ్యాహ్నం తలనొప్పిగా ఉంటే ఆసుపత్రి బల్ల మీదే కాసేపు నడుం వాల్చాను. మెలకువ వచ్చేసరికి చెయ్యి బరువుగా ఉంది. చూస్తే నా పట్టీ పక్కన ఇంకో రెండు పట్టీలు. మూడోది కడుతూ అచ్చియ్యమ్మగారు దొరికిపోయారు. ఆవిడ మా పక్కింటావిడ, ఊళ్ళో సగంమందికి పురుడు పోసిన చెయ్యి.

"లేచిపోయేవా? అయ్యో, పుణ్యం పోయింది" అన్నారావిడ.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. మా ఊళ్ళో ఎవరికి నలతగా ఉన్నా ఇరుగుపొరుగు వాళ్ళు తమ పట్టీ విప్పి వాళ్ళకి కడతారు. వాళ్ళు నిద్రపోతున్నప్పుడు కట్టి లేచేలోపు విప్పుకుపోవాలి. చెప్పుకుంటే ఫలితం ఉండదని నమ్మకం. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అన్నం తినేముందు చేతులు కడుక్కోవడం లాంటిది, దాని గురించి ఎవరూ ఆలోచించరు. పదిమంది పట్టీలు విప్పించి డబ్బాలో వేయించానని మురిసిపోయాను గానీ, ఊళ్ళో మిగిలిన మణికట్ల సంగతి నాకు గుర్తే రాలేదు.

"అచ్చియ్యమ్మగారూ, హైమకి కట్టేరా?"

"కట్టకుండా ఉంటామా అమ్మా! ఒళ్ళు వెచ్చగా ఉందన్నారు. నేనూ, నూకరాజుగారి కోడలూ, ఇంకో నలుగురం వంతులేసుకున్నాం. ఒక్కళ్ళని కూడా వదల్లేదు, పదిమందికీ కట్టేం" అన్నారు గర్వంగా.

బిళ్ళ కట్టడం మొదలుపెట్టగానే ఈ తల్లులందరూ కలిసి పాఠం మధ్యలో పలక లాక్కున్నారన్నమాట. తిట్టాలని నోరు తెరిచాను. ఆవిడ ముఖంలో ఎంత ప్రేమ ఉందంటే నోరు మూసుకుని కావలించుకున్నాను. మా ఒళ్ళు ఎండిపోలేదు! బల్ల చుట్టూ గంతులేశాను. ఆవిడ నాకు నాలుగో పట్టీ కట్టాలని చూశారు.

నమోదు 6, శనివారం

పంచాయితీలో సంగతి విప్పి చెప్పాను. రెండో ప్రయత్నంలో హైమకి ఎవరూ పట్టీ కట్టకూడదన్నాను. గోల గోల అయింది.

"జొరంతో పిల్ల మూలుగుతుంటే చేతులు ముడుచుకు కూచోమంటావా?" అని అచ్చియ్యమ్మగారు నడుం మీద చేతులేసుకుని లేచారు. "అలాంటి ఊరా మనది?"

ఆవిడ అన్నది నిజమే. ఈ ఊళ్ళో ఏం తక్కువైనా మనిషికి మనిషి ఆసరా తక్కువ కాలేదు. దాన్ని మానమనడం నాకూ ఇష్టం లేదు. ఒక్క నిమిషం ఆలోచించాను.

"చేతులు ముడుచుకోవద్దండి, పని చెబుతాను. ఒంట్లో ఊటనీటికి గుండె లేదు. దాన్ని కదిపేది మనమే. పొద్దునా సాయంత్రం హైమని మెల్లగా నడిపించండి. ఓపిక లేనప్పుడు పడుకోబెట్టి చేతులూ కాళ్ళూ ఆడించండి. అన్నిటికంటే ముఖ్యం, పొట్ట కదిలేలా ఊపిరి తీయించాలి."

"ఊపిరెలా తీయిస్తాం?" అన్నారు నూకరాజుగారు.

"నవ్వించండి."

వెనకనుంచి ఎవరో, "అయితే మొదటి వంతు నూకరాజుగారి పాటకి ఇవ్వండి, హైమ నవ్వకపోతే అడగండి" అన్నారు. పంచాయితీ అంతా పగలబడింది. చివరికి ఆయన కూడా చేతికర్ర వదిలేసి నవ్వారు. నవ్వుల వంతులు అక్కడే వేసేసుకున్నారు. సాయంత్రం హైమకి మళ్ళీ మందు పొడిచాను.

నమోదు 7, ఆ పై శుక్రవారం

బిళ్ళ కట్టింది! బిళ్ళ కట్టింది! ఎడమ చంకలో, రేగుపండంత, ముట్టుకుంటే జరుగుతోంది, నొక్కితే హైమ "అబ్బా" అంటోంది. ఆ అబ్బా నాకు మంగళవాద్యంలా వినిపించింది. నిన్న ఉంది, ఈ రోజూ ఉంది, పెద్దదవుతోంది.

ఊరంతా చూడడానికి వచ్చేసింది. వాకిట్లో వరస. ఒక్కొక్కరూ లోపలికొచ్చి ముట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్తున్నారు. "నా చంకేమైనా దేవుడి గదా వదినా? తలుపేసెయ్!" అని హైమ మొత్తుకుంటోంది. తీగలో ముక్తేశ్వర్రావు, "ఎంతుందండీ? నిమ్మకాయంతుందాండీ?" అని గంటకోసారి అడుగుతున్నాడు. సాయంత్రానికి నూటొకటి జ్వరం. ఆ అంకె విని వీధిలో చప్పట్లు కొట్టారు.

నూకరాజుగారు తన వంతుకి వచ్చి నిజంగానే పాడారు. హైమ పొట్ట పట్టుకుని నవ్వింది. నేను బయటికి పోయి నవ్వాను, ఆయన పెద్దమనిషి కదా.

నమోదు 8, ఆదివారం

ఈ రోజు చప్పట్లు లేవు.

నూట మూడు. పొద్దున్నుంచీ దిగలేదు. పెదాలు ఎండిపోయాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. తడిగుడ్డ వేస్తున్నాను, గ్లాసు గ్లాసు నీళ్ళు తాగిస్తున్నాను. నూట నాలుగు దాటితే పట్టీ కట్టేస్తానని మొదటే అందరికీ చెప్పాను. కడితే క్రిమి చచ్చిపోతుంది. పాఠం కూడా అక్కడితో పోతుంది, తలుపూ మూసుకుంటుంది. పుస్తకం చదివి జ్వరం ఒక ఆయుధమని అందరికీ చెప్పినదాన్ని నేనే. వేడికి క్రిములు నీరసిస్తాయి, తెల్లకణాలు చురుకెక్కుతాయి, అన్నీ తెలుసు. తెలిసి ఏం లాభం? జ్వరంతో కాలిపోతున్న మనిషిని చూడడం నా జన్మలో ఇదే మొదలు.

మధ్యాహ్నానికి నూట మూడున్నర. హైమ నా చెయ్యి పట్టుకుని, "వదినా, కట్టకు" అంది. అని మత్తుగా కళ్ళు మూసింది. ఆ మూసిన కళ్ళు చూసేసరికి నా ధైర్యమంతా కారిపోయింది. ఊరు ఏమైతే నాకేం, పెళ్ళి ఏమైతే నాకేం, పిల్ల బతికితే చాలనిపించింది. నా మణికట్టు పట్టీ విప్పేశాను. దాని చెయ్యి ఎత్తి కట్టబోయాను.

అచ్చియ్యమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ అక్కడ ఉన్నట్టు కూడా నేను మరిచిపోయాను.

"దాటిందా?"

"దాటలేదు."

"దాటితే కడతానన్నావు. దాటలేదంటన్నావు. మరి ఆ చెయ్యేంటి?"

"అచ్చియ్యమ్మగారూ, నాకు భయమేస్తోందండి."

"నాకు మాత్రం నవ్వొస్తందా?" అన్నారావిడ. "నూరుమందికి కట్టిన చెయ్యి ఇది. కట్టకుండా ఉండడం ఇవాళే నేర్చుకుంటన్నాను. నువ్వూ నేర్చుకో. ఇదిగో, దాని కాళ్ళు నువ్వు పట్టుకో, చేతులు నేను ఆడిస్తాను."

ఇద్దరం కూర్చున్నాం. ఆడించాం. ఏడుస్తూ ఆడించాం, నిజం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. దీపాలు పెట్టేవేళకి హైమ నుదుటి మీద చిన్న చిన్న చెమట చుక్కలు లేచాయి. ముందు నమ్మలేదు, తడిగుడ్డ నీళ్ళేమో అనుకున్నాను. తుడిచాను, మళ్ళీ లేచాయి. మెడ తడిసింది, దిండు తడిసింది. నూట రెండు, నూటొకటి, ఆపైన తొంభైతొమ్మిది.

"ఆకలేస్తంది" అంది హైమ కళ్ళు తెరవకుండానే.

అచ్చియ్యమ్మగారు నట్టింట్లో చిందులేశారు. ఆవిడకి డెబ్భై దాటాయి.

నమోదు 9, నెల తర్వాత, గురువారం

పై డాక్టర్లు తలుపు తీసేముందు ఒక పరీక్ష పెట్టారు. ఈసారి క్రిమిని మెత్తబరచలేదు. పైన గాలిలో ఎలా ఉంటుందో అలాగే పంపించారు. హైమకి మళ్ళీ పొడిచాను. నూకరాజుగారు వారంపాటు రోజూ వచ్చి మంచం పక్కన కూర్చున్నారు, పాడకుండా.

ఏమీ జరగలేదు. జ్వరం లేదు. బిళ్ళ కాస్త ఉబ్బి రెండోరోజుకే అణిగిపోయింది. ఈ పొద్దున హైమ మోకాళ్ళలో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పోయింది వదినా. ఒళ్ళు వెచ్చబడనే లేదు. నేను మళ్ళీ మామూలుగా అయిపోయేను."

నేను మాట్లాడకుండా దాని వేలునుంచి రక్తం తీసి అద్దప్పలక మీద క్రిములతో కలిపాను. సూక్ష్మదర్శినిలోకి చూశాను. హైమని జుట్టు పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

క్రిములు ఈదడం లేదు. కుప్పలు కుప్పలుగా అతుక్కుపోయి ఉన్నాయి.

"పిచ్చిదానా, మొదటిసారి బిళ్ళలో పుట్టిన సంతానంలో కొందరు ముసలివాళ్ళయినా పోకుండా మిగిలిపోయారు. ఆ క్రిమిగాడి మొహం గుర్తుపెట్టుకున్నారు. వాడు గడపలో అడుగుపెట్టగానే పట్టేసుకున్నారు. ఇంకా జ్వరం దేనికి? నువ్వు నెగ్గావే!"

హైమకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక అది అరిచిన అరుపుకి వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. నూకరాజుగారికి అద్దంలో చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు.

"మా తాతకి చూపించి ఉంటే బాగుండేది" అన్నారు. ముఖం తుడుచుకుని, "తలుపు తియ్యండి" అన్నారు.

నమోదు 10, మంగళవారం

హైమ నిన్న పైకెళ్ళింది. ముక్తేశ్వర్రావు కంటే ముందు అక్కడున్న పిల్లిని కావలించుకుందని విన్నాను. మా ఊళ్ళో పిల్లుల్లేవు మరి.

ఈ పొద్దున తీగ మోగింది. ఊరంతా చుట్టూ చేరింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను, ముక్కులోంచి వస్తోంది.

"వదిదా! దాకు జలుబు చేసింది!"

"ఏంటే?"

"జలుబు! ముక్కు కారిపోతంది! ఈయనదే అంటుకుంది!" వెనకనుంచి ఆ మహానుభావుడు, "నాదేనండి, క్షమించండి అక్కయ్యగారూ, ఆయ్!" అంటున్నాడు.

"బిళ్ళలు చూసుకున్నావా?"

"దవడ కింద రెండు! ఇటొకటీ అటొకటీ!"

నేను తీగ అందరికీ వినబడేలా పెట్టాను. మా ఊరి మనిషి, మూడు తరాల తర్వాత, మా నెత్తిమీద ఎక్కడో తుమ్మింది. ఆ తుమ్ముకి ఊరు ఊరంతా కేక పెట్టింది. నాకు ఏడుపాగలేదు, ఆపుకోవాలనీ లేదు.

పెళ్ళి ఎప్పుడని అడిగితే, మీరందరూ పైకొచ్చేదాకా తాళి కట్టించుకోనని మొండికేసింది. ముక్తేశ్వర్రావు లబోదిబోమంటున్నాడు. నేను తీగ పెట్టేసి ఆసుపత్రికి వచ్చేసరికి గుమ్మం ముందు వీధి మలుపుదాకా మనుషులు, అందరూ చొక్కా చేతులు పైకి మడుచుకుని. ముందు నిలబడింది అచ్చియ్యమ్మగారు.

"తొందరగా పొడువు తాయారూ" అన్నారావిడ. "పెళ్ళికొడుకు కాసుకుని ఉన్నాడు."